గడ్డం పట్టి తిప్పిన చెయ్యి

నవంబరు 8, ఆదివారం

ఈ ఆత్మపరిశీలన ఇంట్లో ఏమీ రాయకూడదట. ఫోను, పుస్తకాలు, పెన్ను అన్నీ గుమ్మంలోనే తీసుకున్నారు. ఈ రెండో పెన్నూ, నాలుగు మడత కాగితాలూ సాక్సులో దాచాను. రాసేది బాత్రూంలో.

గది మూలన మడత తెర. దాని వెనక వారం రోజులు కూచోవాలి. అమ్మ గురించి మూడే ప్రశ్నలు: ఆమె నాకేం చేసింది, నేను ఆమెకేం చేశాను, ఆమెను ఎంత కష్టపెట్టాను. ఆమె నన్నెంత కష్టపెట్టిందన్న ప్రశ్నే లేదు. ఇదేం లెక్క అని అడిగితే ఇంటి పెద్దాయన హిరయామా గారు నవ్వి, అది ఒకరు అడగక్కర్లేదమ్మా, అందరికీ కంఠతా వచ్చు అన్నారు.

నేనొచ్చింది దవడ కోసం. ఎడమ దవడ పొడుచుకొచ్చింది. డాక్టరు మాత్రం మొహం శుభ్రంగా ఉంది, జబ్బు నీ చూపులో ఉంది అన్నాడు. నాలుగేళ్లుగా ఎవరి ముందూ మాస్కు తీసి తినలేదు. ఒసాకాలో ఎముక కోయించుకోవడానికి డేటు కూడా తీసుకున్నాను. అమ్మ ఏడ్చింది. ఎవరే నీకు చెప్పింది, చందమామలాంటి మొహం పెట్టుకుని ఇదేం పిచ్చే, ముందు నారాలో ఆ వారం కూచునిరా, అప్పటికీ కావాలంటే నేనే దగ్గరుండి కోయిస్తా అంది.

నవంబరు 9

కూచుని కూచుని మోకాళ్లు పట్టేశాయి. అమ్మ బడికి కట్టిచ్చిన బెంటో అన్నం డబ్బాలు తప్ప ఏమీ గుర్తు రావడం లేదు.

నవంబరు 10, మధ్యాహ్నం

గుర్తొచ్చింది! మూడో ఏట పిల్లల పండగ. అమ్మ నాకు ఎర్ర కిమోనో కట్టి గుడికి తీసుకెళ్లింది. చెప్పులు కరిస్తే ఎత్తుకుంది. ఫొటో స్టూడియోలో రెండు వేళ్లతో నా గడ్డం పట్టి మెల్లిగా పక్కకి తిప్పింది. ఆ వేళ్ల వెచ్చదనం ఇప్పటికీ తెలుస్తోంది. జవాబులు వినడానికి హిరయామా గారు తెర తీసి నమస్కరించగానే అదే చెప్పాను, అమ్మ నాకు చేసింది ఇదీ అని. చెబుతూ భోరుమన్నాను.

నవంబరు 11

మాస్కు తీసి మిసో సూపు తాగాను. హిరయామా గారి భార్య ఎదురుగానే ఉంది. ఇంకాస్త పొయ్యనా అంది, అంతే. బయటికెళ్లగానే ఆపరేషన్ క్యాన్సిల్ చేస్తాను. ముందు అమ్మకి చెప్పాలి.

నవంబరు 12, భోజనం మధ్యలో లేచొచ్చి

భోజనాలప్పుడు స్పీకర్లో, ఇంతకుముందు ఇక్కడ కూచున్నవాళ్లు చెప్పుకున్న టేపులు వేస్తారు. ఒప్పుకున్నవాళ్లవే, పేర్లు తీసేసి. ఇవాళ్టి టేపు అమ్మది.

కాదనుకోవడానికి లేదు. ప్రతి మాటకీ ముందు ఆ చిన్న దగ్గు. నేను ఆరో క్లాసులో ఉండగా పిన్నికి ఆపరేషనని వారం రోజులు వెళ్లింది. ఇక్కడికన్నమాట!

కూతుర్ని ఏం కష్టపెట్టిందో చెబుతోంది. పుట్టగానే ఆ దవడ చూసి గుండె గుభేలుమందండీ, అచ్చం మా అత్తగారిదే దిగింది అంది. స్టూడియోలో అది పడకుండా మొహం పక్కకి తిప్పానండీ, ఎందుకమ్మా అని పిల్ల అడిగితే అటు వెలుతురు బాగుంటుందన్నాను, ఆ తర్వాత ప్రతి ఫొటోకీ అంతే, ఇప్పుడు పిల్ల తనే తిప్పుకుంటోందండీ అని వెక్కింది.

ఎవరే నీకు చెప్పిందట! నువ్వే కదమ్మా. ముక్కూమొహం తెలియనివాళ్లు అన్నం తింటూ వినొచ్చు. నాకు మాత్రం పిచ్చి అన్నావు. నన్ను డాక్టర్ల చుట్టూ తిప్పావు.

నవంబరు 13

సాయంత్రం హిరయామా గారితో అన్నాను, నిన్నటి గొంతు మా అమ్మది అని. ఆయన క్షమించమంటూ నుదురు నేలకి ఆనించారు. ఆవిడ పుట్టింటిపేరు ఇచ్చిందమ్మా, తెలిస్తే వేయనిద్దునా అన్నారు. ముసలాయన్ని ఏమంటాను?

మాస్కు పెట్టుకున్నాను. దవడ నిజంగానే పొడుచుకొచ్చి ఉంది. అమ్మా చూసింది. అయినా సంతోషం లేదు, ఒళ్లు మండిపోతోంది. ఆ వేళ్లు కూడా నావి కాకుండా పోయాయి.

నవంబరు 15

ఆపరేషన్ క్యాన్సిల్. ఈ దవడ రోజూ ఆవిడ కళ్లెదుట ఉండాలి.

అమ్మ తీసుకెళ్లడానికొచ్చింది. గేటు దగ్గర ఫొటో తీస్తానంది. మాస్కు తీసి ఎడమ దవడ ముందుకు పెట్టాను. తన చెయ్యి నా గడ్డం దాకా వచ్చి ఆగిపోయింది.

తియ్యమ్మా, వెలుతురు ఇటే బాగుంది అన్నాను.