జుబేర్ హెల్మెట్

కాకినాడ

ప్రియమైన అమ్మకు,

క్వారీ పేలుళ్లకు నీ చెవులు పోయాక మనకు ఉత్తరాలే దిక్కయ్యాయి. మా ఓడరేవు చరిత్ర మ్యూజియంలో కొత్తగా ఒక హెల్మెట్ పెట్టాను. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ హమాలీగా పనిచేసిన జుబేర్‌ది. అరిగిన ఇనుప తాడుతోనే గ్రానైట్ దిమ్మె ఎత్తించాడు కాంట్రాక్టరు గురుమూర్తి. తాడు తెగి దిమ్మె జుబేర్ మీద పడింది. హెల్మెట్ పళ్లెంలా అణిగిపోయింది.

అతని భార్య అఫ్రీన్ గొంతు రికార్డు చేసి పక్కనే వినిపిస్తున్నాం. "తాడు తెగేట్టుండాదని పొద్దున్నే సెప్పినాడు. ఎత్తకపోతే ఇంటికి పో అన్నారంట" అంటుంది. విన్నవాళ్లు వెనక్కి వచ్చి హెల్మెట్ మళ్లీ చూసిపోతున్నారు.

గురుమూర్తి మన వైపు వాడే, పుంగనూరు. హెల్మెట్ తీసేయమని కబురు పెట్టాడు. తీయలేదు.

నీ సుష్మ

కుప్పం

చిట్టితల్లీ సుష్మా,

ఇది పక్కింటి రజియా రాత. నేను చెబుతుంటే రాస్తోంది. గడప దగ్గర జారిపడి కుడిచెయ్యి విరిగింది. కట్టు కట్టారు, భయపడకు. ఆ హెల్మెట్ తీసి లోపల పెట్టేసి ఇంటికి వచ్చేయ్. మీ నాన్న పోయాక నాకున్నది నువ్వొక్కదానివే. ఎందుకని అడగొద్దు. "ఇంకేమన్నా రాయాల్నా?" అని రజియా సైగ చేస్తోంది. బిన్నా రమ్మని, తొందరగా రమ్మని రాయమన్నాను.

ఆశీస్సులతో, అమ్మ విజయమ్మ

కాకినాడ

అమ్మా,

నీ దగ్గరకు రావాలని సంచి సర్దుకున్నాను. ఈలోగా గడ్డపారలతో గురుమూర్తి మనుషులు మ్యూజియం మీద పడ్డారు. మా వాచ్‌మన్ హనీఫ్ తలుపుకు అడ్డం నిలబడ్డాడు. గడ్డపార మొనతో ముఖం మీద పొడిచారు. ఒక కన్ను పోయింది. అద్దాల పెట్టెలు పగలగొట్టారు, పాత ఫొటోలు చింపారు, హెల్మెట్‌ను సముద్రంలో విసిరేశారు.

ఒకడు నన్ను జుట్టు పట్టి ఈడ్చి, చెంపను గాజుపెంకులకేసి అదిమాడు. గోడకు తగిలించిన హమాలీల కొక్కెం చేతికందింది. వాడి తొడలో దించాను. తిప్పాను కూడా. ఆ అరుపు ఇంకా వినిపిస్తూనే ఉంది. నా మీదా కేసు పెట్టారు.

జుట్టు పట్టి ఈడుస్తూ వాడు అరిచిన మాటే నన్ను నిద్రపోనివ్వడం లేదు: "మీయమ్మ సెయ్యి ఇరగ్గొట్టినా నీకు బుద్ధి రాలేదే!"

నువ్వు జారిపడలేదు కదా, అమ్మా?

సుష్మ

కుప్పం

నా బంగారు సుష్మకు,

ఎడమ చేత్తో రాస్తున్నాను, వంకరలు కూడబలుక్కుని చదువు.

జారిపడలేదు. ఇద్దరు వచ్చారు, హెల్మెట్ తీయించాలని కాగితం మీద రాసి చూపించారు. బట్టలుతికే బండ మీద నా చెయ్యి పెట్టి, నేను చూస్తుండగానే సుత్తితో కొట్టారు. బయట చెబితే నీ పీక కోస్తామని వేళ్లతో చూపించారు. అందుకే అబద్ధం రాయించాను.

నీ ఉత్తరం చదివిన రజియా ఏడ్చి, చెప్పులేసుకుని నిలబడింది. "నా కండ్లారా సూసినా. సాచ్చికం నేను సెప్తా, పామ్మా" అంది. పెదాలు చూసి నాకు అర్థమయ్యేలా రెండుసార్లు చెప్పింది. పోలీస్ స్టేషన్లో ఆ ఇద్దరినీ నిలబెడితే వేలు పెట్టి చూపించాను. వాళ్లను లోపలేశారు. గురుమూర్తి మాత్రం ఇంకా దొరకలేదు.

హెల్మెట్ పోయిందని దాని పగిలిన పెట్టె తీసేయకు. ఊరికి తిరిగొచ్చేసిన అఫ్రీన్‌ను మదనపల్లెలో కలిశాను. ఇద్దరం రేపు రైలెక్కుతున్నాం. ఆమె మాట పక్కన నా మాటా వినిపించు.

హనీఫ్ కోసం రాగిపిండి తెస్తున్నాను. సంగటి నేనే కెలుకుతాను, ఎడమ చేత్తో.

మీ అమ్మ