దిగుడుబావి ముద్ర

ఉప్పుగూడ,
18 నవంబరు 2004.

చిరంజీవి ఫణికి,

నీకు ఈత నేర్పిన వైకుంఠం మాస్టారి దీవెనలు. ఇక్కడ నేనూ, మా ఇంటావిడ నాగమణమ్మా బాగానే ఉన్నాం. విశాఖలో నువ్వూ, నీ పడవా, దాన్ని నమ్ముకున్న బెస్తవాళ్లూ చల్లగా ఉండాలి.

నీ ఉత్తరం చదివి మడిచిపెట్టి, మళ్లీ తీసి చదివాను. కోపం తగ్గలేదు. యాత్రికులను సముద్రం అడుగుకి తీసుకెళ్లే ముందు నిశ్చలమైన లోతు నీళ్లలో పరీక్షించాలని, పరీక్షించినవాడు సంతకం చేసి ముద్ర వేయాలని అక్కడి అధికారులు నిరుడు నియమం పెట్టారు. పెద్ద హోటలుకి సొంత కొలను ఉంది కాబట్టి దాని పడవలు హాయిగా తిరుగుతున్నాయి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు ఆ నియమం వచ్చి నీ మీద పడింది. అందుకే హైదరాబాదు నుంచి నీ దగ్గరికి వచ్చేవాళ్లను ముందు మా బస్తీ దిగుడుబావికి పంపావు, నేను పరీక్షించాను. అధికారులూ ఒప్పుకున్నారు. ఇప్పుడేమో, సంతకం పెట్టి ముద్ర వేసిన ఖాళీ కాగితాలు పంపండి మాస్టారూ, పేర్లు మేం రాసుకుంటాం అంటావా? నెలాఖరు తనిఖీలో కాగితాలు చూపకపోతే లైసెన్సు పోతుందట, పడవ అమ్ముకోవాలట.

అఫ్జల్‌గంజ్ బట్టల వ్యాపారి రామ్‌చందర్‌ను నేను ఆపినందుకు నీకింకా మంటే. నిజమే, బావిలో అతను చేపలా ఈదాడు. వీపుకి గాలి సిలిండరు కట్టి అడుగుకి దింపి, మాస్కులోకి కాసిన్ని నీళ్లు పోనిచ్చాను. అంతే, ఊపిరి బిగబట్టి పైకి లేచాడు. కాలు పట్టుకుని ఆపి ఊపిరి వదిలించాను కాబట్టి దగ్గుతో పోయింది. సముద్రంలో అలా లేస్తే బిగబట్టిన గాలి ఉబ్బి ఊపిరితిత్తులు చిరిగిపోవూ? గట్టెక్కాక ఏమన్నాడో తెలుసా? "ఒక్క సంతకం గీకున్రి మాస్టర్ సాబ్, సముద్రంల నేను జూస్కుంట, గింతదానికి లొల్లెందుకు" అన్నాడు. సముద్రమే అతన్ని చూసుకుంటుందని నా భయం.

నాగమణమ్మ నీ పక్షమే. "పిలగాని నోట్ల మన్ను గొడ్తున్నవ్, నువ్వు సంతకం పెడ్తె సముద్రం ఎండిపోతదా ఏంది" అని మాటలు మానేసింది. అన్నం మాత్రం పెడుతోంది. నాకు మాత్రం నువ్వు పరాయివాడివా? నీ నడుముకి ఎండు సొరకాయ కట్టి నీళ్లలోకి దింపింది నేనే. ఒకనాడు నీకు చెప్పకుండా దాన్ని విప్పేస్తే, ఉందనుకుని అవతలి మెట్లదాకా ఈదావు. నీ పడవ పోతుందంటే నాకు కంటి మీద కునుకు లేదు ఫణీ.

ఒడ్డున కూర్చుని నియమాలు రాసేవాళ్లను నేనూ తిడతాను. కానీ ఈ ఒక్కటి నీళ్లు తెలిసినవాడెవడో రాసి ఉంటాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? ఖాళీ కాగితాలు పంపను. బావిలో నీళ్లు తగ్గాయి, నాకు మోకాలి నొప్పి కూడా. ఇప్పట్లో ఎవరినీ పంపకు. ఆ హోటలువాళ్లనే అడుగు, వాళ్ల కొలను అద్దెకిస్తారేమో. అడగడం నామోషీ అనుకోకు.

ఇట్లు,
నీ మేలు కోరే
వైకుంఠం.

తా.క.: అంటించిన కవరు మళ్లీ విప్పాను. నీళ్లు తగ్గలేదు, మోకాలూ బాగానే ఉంది. అసలు బావే లేదు. చుట్టుగోడ లేని పాత బావులన్నీ పూడ్చాలని ఇక్కడా ఒక నియమం వచ్చింది. పక్క బస్తీ బావిలో మనిషి పడి చచ్చిపోయాడు, అందుకని నేనూ అడ్డుపడలేకపోయాను. మొన్న లారీలతో రాళ్లూ మట్టీ తెచ్చి పోశారు. నా బతుకుతెరువూ దాంతోనే పోయింది. ఈ సంగతి తెలిస్తే, బావి లేకపోతేనేం ముద్ర ఉందిగా మాస్టారూ అంటావని దాచాను. నువ్వు అంటావని కాదురా, నేను ఒప్పుకుంటానని భయం. ఇంట్లో కూర్చుని ముద్రలు వేస్తే అక్కడ ఎవరికి తెలుస్తుంది? అందుకే మొదటి లారీ వెనక్కి తిరుగుతుండగా, నువ్వు చేయించి ఇచ్చిన ముద్రను బావిలోకి విసిరేశాను. కట్టె పిడి కదా, మునగలేదు. రాళ్లు పడేదాకా నీళ్ల మీద తేలుతూనే ఉంది.