ఊడని చీలలకు కొత్త బిట్టు

సోమవారం, పావగడ నుంచి వచ్చాక

డ్రిల్లింగ్ మిషన్‌కు బిట్లు ఏరుకోవడానికే బజారులో శెట్టి కొట్లో గంట పట్టింది. బెంగళూరు నుంచి కొత్త రకం వచ్చిందట. కాడ ఆరు పలకలుగా ఉంటుంది, పాతవాటిలా మిషన్ మూతికి తాళంచెవి పెట్టి తిప్పి బిగించే పని లేదు.

"ఇట్ల తోస్తే పట్టుకుంటాది, అట్ల లాగితే వచ్చేస్తాది. కరెంటు ఉండేదే రెండు గంటలు. బిట్లు మార్చేదానికే సగం పోతే ఎట్లప్పా?" అన్నాడు శెట్టి.

నిజమే. కానీ నా చేత్తో బిగించనిదాన్ని నమ్మలేను. రెండుసార్లు పెట్టాను, రెండుసార్లు లాగాను. చివరికి అదే తీసుకున్నాను, కొన మధ్యలో ముల్లున్న, కట్టెను తొలిచే బిట్టు.

సైజెంత అని అడిగితే అరంగుళం అన్నాను, జేబులోని కొలత చీటీ చూడకుండానే.

రేపు మా వీధి ఓబులప్ప తన ఎద్దులబండి తోసుకొస్తాడు. "శెనిక్కాయ ఈసారీ ఎండిపాయ. ఎద్దుల్ని అమ్మేసినాక బండెందుకు? విప్పేసి రెండు తలుపులు చేసియ్యప్పా" అన్నాడు. ఆ బండి చేసింది నేనే. దాని కీళ్లలో ఎండిన తుమ్మకర్ర చీలలు దిగగొట్టిందీ నేనే. సుత్తికి రావు, తొలిచి తీయాల్సిందే. బండి అప్పగించిన రోజు, "నీ మనవడి కాలానికీ ఊడవు" అని మీసం కూడా తిప్పాను.

ఇందాక కొత్త బిట్టు మిషన్‌లో పెట్టి చూశాను. టక్కున పట్టుకుంది. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

రేపు చీలలు సులువుగా వచ్చేస్తే ఓబులప్ప ముఖం చూడలేను. రాకపోతే మాత్రం, బిట్టు విరిగినా సరే, లోపల్లోపల సంతోషిస్తాను.