ఆయిల్ బ్రేకే వెయ్యి

దేవదాస్ మామా,

ఫోన్‌లో చెబితే అవ్వ వింటుందని రాస్తున్నాను. వచ్చే నెల ఆదిలాబాద్ అడవిలో జరిగే బురద సైకిల్ పోటీకి, కరీంనగర్‌లో నీ షాపులో ఉన్న నా సైకిలుకు వైరు బ్రేకు వద్దు. ఆయిల్ బ్రేకే వెయ్యి. "ఆయిల్ కారితే గా అడవిల ఎవడు బాగుచేస్తడే?" అన్నావు. నిజమే. కానీ అదైతే ఒక్క వేలితో నొక్కినా పడుతుంది.

పోయినసారి దిగుడులో పడ్డప్పుడు బ్రేకు పట్టలేదని అందరికీ చెప్పాను. అప్పటినుంచి నువ్వు ఆ సైకిలును మూడుసార్లు విప్పి చూశావట. "నా చేత్తోని బిగించిన, ఎట్ల తప్పింది?" అనుకుంటూ అన్నం కూడా సరిగ్గా తినడం లేదని అత్త చెప్పింది.

బ్రేకు మంచిదే మామా. మరమగ్గాలకు నూలు కండెలు చుట్టీ చుట్టీ నా వేళ్లు తిమ్మిరెక్కాయి. ఆ రోజు అవి ముడుచుకోలేదు. అవ్వకు తెలిస్తే పోటీ మానిపిస్తుంది. ఇది రెండుసార్లు రాసి చింపేశాను, ఈసారి పోస్టు చేస్తున్నాను.

నువ్వు అన్నం తిను.

నీ మేనకోడలు,
సిరిసిల్ల