ఆవగింజంత నోటికి

నాన్నా,

దువ్వాడలో పరీక్ష రాసి సాయంత్రానికి వస్తాను. మధ్యాహ్నం తొట్టిలో చేపలకు నువ్వే మేత వెయ్యాలి. ఫ్రీజర్ పై అరలో నీలం మూత డబ్బా ఉంది. అందులో ఉన్నవి అప్పుడే గుడ్డులోంచి వచ్చిన రొయ్యపిల్లలు, ఐసు బిళ్ళల్లో గడ్డకట్టినవి. ఒక బిళ్ళలో చిన్న ముక్క విరిచి, గ్లాసు నీళ్ళలో కరిగాక కొంచెం కొంచెంగా వెయ్యి. ఎర్రపురుగుల ప్యాకెట్ మాత్రం ముట్టుకోకు. మొన్న నువ్వు వేసిన పురుగు గొంతుకు అడ్డం పడి ఒక చేప చచ్చిపోయింది. వాటి నోరు ఆవగింజంత.

"కూరకి పనికిరాని సేపలకి ఇంత సేవేటే" అని జెట్టీ దగ్గర నీ బోటు వాళ్ళందరి ముందూ నవ్వావు. నవ్వితే నవ్వు. ఫ్రీజర్‌లో నీ కోనాం చేప ముక్కలకు చోటు చాలకపోతే వాటినే కింద అరలో సర్దుకో. నా డబ్బా పారేస్తే మళ్ళీ కొంటాను. నువ్వు ఇచ్చెయ్యమన్నా తొట్టి మాత్రం ఎవరికీ ఇవ్వను.

అనూరాధ

నువ్వు వేటకెళ్ళి చెప్పిన రోజుకు రాకపోతే, అమ్మ అన్నం మానేసి ఆ తొట్టి ముందే కూర్చుంటుంది. నీకు చెప్పొద్దంది. నేను చెబుతున్నాను.