సాఫ్‌గా ఉన్న రోడ్డు

ఆదివారం

పొద్దున నస్పూర్ రోడ్డు మీద వేలు పెట్టి రుద్దితే కాటుక అంటినట్టు నల్లబడింది. బొగ్గు లారీల దుమ్ము. డీజిల్ జీపుల డ్రాగ్ పందేలకు, అంటే తిన్నని రోడ్డు మీద ఎవరు ముందు గీత దాటుతారో చూసే పోటీలకు, ఈసారి మంచి రోడ్డు వెతికే పని పందేల కమిటీ అన్నకు అప్పగించింది. వదినా నేనూ వెంట వెళ్లాం.

“గీ రోడ్డు సాఫ్ ఉన్నది. గిదే ఖాయం,” అన్నాడు అన్న.

“సాఫ్ అంటే ఖాళీగనా, నున్నగనా?” అని అడిగాను.

“నీ కాన్వెంటు తెలుగుల రెండు సాఫ్‌లు ఉంటయానే?”

“నున్నగుంటే టైరు పట్టది గదన్నా. గీత దాటినంక ఆగుడెట్ల?”

అన్న నవ్వుతూనే జీపును కొంత దూరం ఉరికించి బ్రేకు వేశాడు. అది పక్కకు జారి, గోదావరి వైపు మట్టిలోకి దిగి ఆగింది.

“గిట్ల జారితే సీదా గోదాట్ల తేలుడే,” అంది వదిన.

మధ్యాహ్నం మంథని దగ్గర ఇంకా తెరవని కొత్త రోడ్డు చూశాం. గరుకుగా ఉంది, గీత తర్వాత ఆగడానికి బోలెడు చోటుంది. కానీ అంత దూరం జనం రారని అన్న దిగులు. అన్నం తినేటప్పుడు మళ్లీ నస్పూర్ పేరే ఎత్తాడు. రోడ్డు గరుకును ఎలా కొలుస్తారో రేపు చదవాలి.

పందెంలో మా జీపు నడిపేది వదిన.