కాలి స్విచ్ మీద కుర్చీ

శనివారం, రాత్రి

కొత్త మైకు బల్లకి బిగించాను. గదిలో ఏ మూల మాట్లాడినా పట్టేస్తుంది. చేతులు ఖాళీగా ఉంటాయని ఈసారి కింద కాలి స్విచ్ కూడా పెట్టాను. తొక్కితే నా మాట వెళ్తుంది, వదిలితేనే అవతలివాళ్లది వినిపిస్తుంది. సాయంత్రం హామ్ రేడియోలో జాలరిపేట సూరిబాబుని పిలిచాను. పడవల మీది రేడియో సెట్లు బాగుచేసే మనిషి, అతని చెవిని నమ్మొచ్చు.

"గొంతు శుబ్బరంగా వత్తంది బావా" అన్నాడు.

హుషారుగా లేచి, నిన్నటి చారుతో అన్నం తినడానికి కూర్చున్నాను. గాజువాకలో ఈ ఒంటి గదికి వచ్చాక నాలో నేను పైకే మాట్లాడుకోవడం అలవాటైపోయింది. తిని వచ్చి చూస్తే సెట్టు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. లేస్తూ జరిపిన కుర్చీ కాలు స్విచ్ మీదికి ఎక్కి కూర్చుంది. వెధవ పని. పావుగంట నుంచి గదంతా గాల్లోకి పోతోందన్నమాట.

కుర్చీ లాగగానే సూరిబాబు గొంతు వచ్చింది.

"ఆ పులిసిపోయిన సారు పారబొయ్యి బావా. ఇందాకట్నుంచి సెప్దామంటే నువ్వు మైకు వదల్లేదు."

చారు పులిసిందని నేను గోడతోనే అన్నాను. ఆ తర్వాత, రేపు ఆదివారం, నాతో మాట్లాడే దిక్కెవరు అని కూడా అన్నాను. అదీ విన్నాడా? సిగ్నల్ సరిగా లేదని అబద్ధమాడి సెట్టు కట్టేయబోయాను.

"బావా, రేపు నువ్వు..." అంటున్నాడు. అప్పటికే నా చెయ్యి సెట్టు స్విచ్ తిప్పేసింది.